ఫ్లాటు రిజిస్టరైంది, కారు స్థలం తేలలేదు: అపార్ట్‌మెంట్ పార్కింగ్ హక్కు ఎక్కడ జారిపోతోంది?

క్లుప్తంగా: అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ చాలావరకు విడిగా అమ్ముకునే ఆస్తి కాదు, ఫ్లాటుతో కలిసి నడిచే వాడకపు హక్కు. ఆ హక్కుకు బలం డబ్బు కట్టిన రసీదు వల్ల రాదు. మంజూరైన ప్లాను, రిజిస్టరైన డాక్యుమెంటు రెండూ ఒకే స్థలాన్ని నంబరుతో సహా చూపించాలి. హైదరాబాద్‌లో చిన్న స్థలాల్లో కట్టే అపార్ట్‌మెంట్లకు ఈ సమస్య ఎక్కువ. అక్కడ కొరత ప్లాను దశలోనే మొదలవుతుంది, రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రక్షణా చాలాసార్లు ఉండదు.

ఫ్లాటు కొనేవాళ్లు చదరపు అడుగు రేటు దగ్గర రోజుల తరబడి బేరమాడతారు. తూర్పు ముఖమా, ఎన్నో అంతస్తు, ఈశాన్యం ఎలా ఉంది అని ఒకటికి రెండుసార్లు అడుగుతారు. పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి సంభాషణ ఒక్క మాటతో అయిపోతుంది: "కారు పార్కింగ్ ఇస్తున్నామండీ." అమెనిటీస్ కింద దానికి కొన్ని లక్షలు కట్టించుకుంటారు. సేల్ డీడ్‌లో "కామన్ ఏరియా, కారు పార్కింగ్‌తో కలిపి ఇన్ని చదరపు అడుగులు" అని ఒక వాక్యం పడుతుంది. ఎక్కడ, ఎంత, ఏ నంబరు అన్నది ఉండదు.

గృహప్రవేశాలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. ముందు దిగినవాళ్లు లిఫ్టుకు దగ్గరగా ఉన్న చోటు తీసుకుంటారు. చివర వచ్చినవాళ్లకు జనరేటర్ పక్కన స్తంభాల మధ్య ఇరుకు సందు మిగులుతుంది, లేదా అదీ మిగలదు. బిల్డర్ అప్పటికి మరో సైటు పనిలో ఉంటాడు. గొడవ ఇరుగుపొరుగు మధ్య మిగిలిపోతుంది. మూలం మాత్రం వాళ్లలో ఎవరిదీ కాదు.

### చట్టం దృష్టిలో ఇది ఎవరి స్థలం?

ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చేది సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న ఇచ్చిన తీర్పు. నహల్‌చంద్ లాలూచంద్ ప్రైవేట్ లిమిటెడ్‌కు, పాంచాలి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీకి మధ్య నడిచిన ముంబై కేసు అది. స్టిల్ట్‌లోని (భవనం కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే అంతస్తులోని) పార్కింగ్ స్థలాలను విడిగా అమ్ముకునే హక్కు తనకుందని బిల్డర్ వాదించాడు. స్టిల్ట్ పార్కింగ్ ఫ్లాటూ కాదు, గ్యారేజీ కాదు, అది ఉమ్మడి వసతుల్లో భాగమని జస్టిస్ ఆర్.ఎం.లోధా, జస్టిస్ ఎ.కె.పట్నాయక్‌ల ధర్మాసనం తేల్చింది. ఉమ్మడి వసతుల ఖర్చును బిల్డర్ ఫ్లాట్ల కార్పెట్ ఏరియాను (గోడల లోపలి విస్తీర్ణాన్ని) బట్టి కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసుకోవచ్చు గానీ, ఆ స్థలాన్నే విడిగా అమ్ముకోవడానికి వీల్లేదన్నది తీర్పు సారం.

ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చింది. తెలుగు రాష్ట్రాలకు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ఉమ్మడి ప్రదేశాల జాబితాలో బేస్‌మెంట్లు, సెల్లార్లు, తోటలతో పాటు పార్కింగ్ ప్రదేశాలనూ అది చేర్చింది. ఆ ఉమ్మడి ప్రదేశాల్లో ప్రతి ఫ్లాటు యజమానికీ అవిభాజ్య వాటా ఉంటుంది. అంటే కాగితం మీద పార్కింగ్ అంతా అందరిదీ.

2016 నాటి రెరా చట్టం మరో గీత గీసింది. ఓపెన్ పార్కింగ్ ప్రదేశాలు, ఉమ్మడి బేస్‌మెంట్లు కామన్ ఏరియా కిందికే వస్తాయని చెప్పింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉన్న చోటును మాత్రమే గ్యారేజీ అంది. దాన్ని అమ్మవచ్చు. ప్రాజెక్టు నమోదు చేసేటప్పుడు అమ్మకానికి ఉన్న గ్యారేజీలు ఎన్ని, విస్తీర్ణం ఎంత అన్నది బిల్డర్ ప్రకటించాలి.

చిక్కు ఎక్కడంటే, మన అపార్ట్‌మెంట్లలో కార్లు నిలిపేది ఎక్కువగా స్టిల్ట్‌లో, సెల్లార్‌లో. స్టిల్ట్‌కు పైకప్పు ఉంది, గోడలు లేవు. అటు ఓపెన్ పార్కింగూ కాదు, ఇటు గ్యారేజీ కాదు. రెరా కింద వాడే నమూనా అగ్రిమెంట్ మాత్రం "గ్యారేజీ లేదా కవర్డ్ పార్కింగ్" అన్న మాట వాడుతుంది. మహారాష్ట్ర రెరా 2021 జులైలో ఇచ్చిన వివరణలో ఓపెన్ పార్కింగ్‌ను డబ్బుకు కేటాయించరాదని, కవర్డ్ పార్కింగ్‌ను, గ్యారేజీని అమ్మవచ్చని చెప్పింది. స్టిల్ట్ విషయంలో 2010 తీర్పు ఒకవైపు, రెరా తర్వాతి ఆచరణ మరోవైపు లాగుతున్నాయన్నమాట.

కొనేవాళ్లకు ఇందులోంచి తేలేది ఒకటుంది. "పార్కింగ్ కొన్నాం" అన్న మాట చట్టం ముందు బలహీనమైనది. "మా ఫ్లాటుకు ఫలానా నంబరు స్థలాన్ని ప్రత్యేకంగా వాడుకునే హక్కు కేటాయించారు, అది మా రిజిస్టర్డ్ డాక్యుమెంటులో ఉంది" అన్నది బలమైనది. నమూనా అగ్రిమెంట్ కూడా ఫ్లాటును, పార్కింగ్‌ను విడదీయరాని ఒకే యూనిట్‌గా చూడాలంటుంది. ఫ్లాటు ఒకరికి అమ్మి, పార్కింగ్ మరొకరికి అమ్మడం ఆ లెక్కన కుదరదు.

### కొరత ప్లానులోనే పుడుతుంది

హైదరాబాద్‌లో భవనాలకు ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. ఎంత ఎత్తు కట్టవచ్చన్నది స్థలం, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లను (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలను) బట్టి ఉంటుంది. పార్కింగ్‌ను కూడా కార్ల సంఖ్యతో కాకుండా విస్తీర్ణంతో కొలుస్తారు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం జీహెచ్ఎంసీ పరిధిలో నివాస అపార్ట్‌మెంట్లకు మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో 30 శాతం పార్కింగ్‌కు వదలాలి. ఎన్ని ఫ్లాట్లు ఉంటే అన్ని స్థలాలు అన్న సూత్రం ఇందులో లేదు.

దీని ఫలితం లెక్క వేస్తే అర్థమవుతుంది. కారు నిలిపే చోటు, తిప్పుకునే దారి కలిపి ఒక్కో కారుకు కావలసిన విస్తీర్ణాన్ని ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ఆరుబయట 23, నేల అంతస్తులో పైకప్పు కింద 28, బేస్‌మెంట్‌లో 32 చదరపు మీటర్లుగా తీసుకుంది. ఈ కొలత ప్రకారం రెండు లక్షల చదరపు అడుగుల భవనానికి 60 వేల చదరపు అడుగుల సెల్లార్ పార్కింగ్ ఉంటే అందులో సుమారు 174 కార్లు పడతాయి. అదే భవనంలో రెండేసి వేల అడుగుల ఫ్లాట్లు వంద ఉంటే ఇంటికి ఒకటిన్నర కారు పైనే దక్కుతుంది. వెయ్యేసి అడుగుల ఫ్లాట్లు రెండు వందలు ఉంటే ఇంటికి ఒకటి కూడా రాదు. నిబంధన రెండు చోట్లా అక్షరాలా పాటించినట్టే. చిన్న ఫ్లాటు కొన్నవారికి మాత్రం కొరత ముందే రాసిపెట్టి ఉంది.

చిన్న స్థలాల్లో పరిస్థితి ఇంకా బిగుతు. 750 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 900 గజాల వరకు ఉన్న స్థలంలో స్టిల్ట్ అంతస్తు మొత్తం పార్కింగ్‌కు వదిలేస్తే చాలు, నిబంధన నెరవేరినట్టే భావిస్తారు. 500 గజాల్లో స్టిల్ట్ ప్లస్ ఐదంతస్తుల భవనం అనుకుందాం. ఒక్కో అంతస్తు 2,600 చదరపు అడుగులైతే పైన ఐదూ కలిపి 13,000. కింద స్టిల్ట్ 2,600, అంటే 20 శాతమే. అందులో మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది, మరుగుదొడ్లు, కరెంటు ప్యానెల్ పోగా 2,200 మిగిలిందనుకుంటే, కారుకు 300 అడుగుల చొప్పున ఏడు కార్లు. అంతస్తుకు రెండు ఫ్లాట్లయితే పది ఇళ్లకు ఏడు. మూడేసి ఫ్లాట్లయితే పదిహేను ఇళ్లకు అవే ఏడు. మిగతా కార్లు ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి, లేదా సెట్‌బ్యాక్‌లోకి చేరతాయి, లేదా వీధిలో ఉంటాయి.

రెరా రిజిస్ట్రేషన్‌కు ఉన్న మినహాయింపును దీని పక్కన పెట్టి చూడాలి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లు మించని ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పార్కింగ్ కొరత ఎక్కువగా ఉండే భవనాలూ, రెరా వెబ్‌సైట్‌లో ప్లాను కనిపించని భవనాలూ చాలావరకు ఒకటే కావడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా కొనేది కూడా వీటినే.

కార్ల వైపు నుంచి అదుపు లేకపోవడం రెండో కారణం. జపాన్‌లో 1962 నాటి చట్టం కింద, కారు రిజిస్టర్ చేయించాలంటే నివాసానికి రెండు కిలోమీటర్ల లోపు నిలిపే చోటు ఉన్నట్టు చూపించాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆ షరతు లేదు. ఇంటికో కారు లెక్కన కట్టిన భవనంలోకి రెండో కారు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

### స్థల యజమాని వాటాలో ఉన్న మెలిక

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్ ఒప్పందం మీద కడతారు. స్థలం ఒకరిది, కట్టేది మరొకరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. పంచుకునేది ఫ్లాట్లు మాత్రమే కాదు, పార్కింగ్ కూడా. ఎవరికి ఏ ఫ్లాట్లు, ఏ పార్కింగ్ నంబర్లు అన్నది సప్లిమెంటరీ డీడ్‌లోనో, షేరింగ్ అగ్రిమెంట్‌లోనో రాసుకుంటారు. స్థల యజమాని తన ఫ్లాట్లకు రెండేసి పార్కింగ్‌లు ముందే పెట్టుకుని ఉండవచ్చు.

బిల్డర్ వాటాలోని ఫ్లాటు కొంటున్నవారికి ఈ పత్రం సాధారణంగా ఎవరూ చూపించరు, అడిగేవాళ్లూ తక్కువ. బ్యాంకు లాయర్ కూడా టైటిల్ వరకే చూస్తాడు. స్థల యజమాని, బిల్డర్ ఒకే పార్కింగ్ స్థలాన్ని చెరొకరికి మాటిచ్చిన సందర్భాల్లో ఈ ఒక్క పత్రమే విషయాన్ని తేలుస్తుంది. అడ్వాన్సు ఇవ్వకముందే దీని నకలు అడగడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త.

### గీసిన గీతలో కారు పడుతుందా?

నంబరు వేసినంత మాత్రాన పార్కింగ్ అయిపోదు. సాధారణంగా కారుకు గీసే చోటు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. పాత వ్యాగన్ఆర్ లాంటి కారు పొడవు 3.7 మీటర్ల లోపే, అందులో హాయిగా ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా 4.7 మీటర్లు దాటుతుంది, ఫార్చ్యూనర్ దాదాపు 4.8 మీటర్లు, వెడల్పు 1.85. రెండు వైపులా స్తంభాలు ఉంటే గీత లోపల బండి పడుతుంది గానీ తలుపు తెరుచుకోదు.

సెల్లార్‌లోకి దిగే ర్యాంపు సంగతి వేరు. ఒకే ర్యాంపు ఉంటే కనీసం 5.4 మీటర్ల వెడల్పు, రెండు ఉంటే ఒక్కొక్కటి 3.6 మీటర్లు ఉండాలని, వాలు ఎనిమిదికి ఒకటి ఉండాలని నిబంధన. కట్టాక దీన్ని కొలిచేవాళ్లు అరుదు. ఒకదాని వెనక ఒకటి నిలిపే పార్కింగ్‌ను కొన్నిచోట్ల రెండు వేర్వేరు కుటుంబాలకు అమ్మేస్తారు. ముందు కారు కదిలితేనే వెనకది బయటికి వస్తుంది. ఒకే ఇంటికి రెండూ కేటాయిస్తే తప్ప ఈ ఏర్పాటు గొడవ లేకుండా నడవదు. కార్లను యంత్రంతో ఎత్తి నిలిపే మెకానికల్ పార్కింగ్ అయితే బరువు, ఎత్తు పరిమితులు, మరమ్మతు ఖర్చు ఎవరిదన్నది అగ్రిమెంట్‌లో ఉండాలి.

### కాగితంలో ఏముంటే హక్కు నిలుస్తుంది?

మహారాష్ట్ర రెరా 2024 ఏప్రిల్‌లో ఒక అడుగు ముందుకేసింది. పార్కింగ్ ఏ రకం, నంబరు ఎంత, పొడవు, వెడల్పు, ఎత్తు, భవనంలో ఎక్కడ ఉంది అన్న వివరాలను అగ్రిమెంట్‌కు అనుబంధంగా జతచేయడం తప్పనిసరి చేసింది. అడ్డంకుల వల్ల కారు పట్టని చోట్లు కేటాయిస్తున్నారన్న ఫిర్యాదులే దీనికి కారణం. తెలుగు రాష్ట్రాల్లో అంత వివరమైన అనుబంధం ఉండాలని బిల్డర్‌ను అడగడానికి కొనుగోలుదారుకు అడ్డేమీ లేదు. నమూనా అగ్రిమెంట్‌లోనే పార్కింగ్ నంబరు, విస్తీర్ణం, ఉన్న చోటు రాయడానికి ఖాళీలు ఉన్నాయి. వాటిని నింపకుండా సంతకం పెట్టించుకోవడం వల్లే చాలా తగాదాలు పుడుతున్నాయి.

రెరా 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అగ్రిమెంట్ చేసుకుని రిజిస్టర్ చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోరాదు. కొనేవారి చేతిలో పట్టు ఉండేది ఆ దశలోనే. మంజూరైన ప్లానులో స్టిల్ట్, సెల్లార్ పేజీ తీసుకుని స్థలాలు లెక్కపెట్టాలి. ఫ్లాట్ల సంఖ్యతో పోల్చాలి. తమకు ఇస్తామన్న స్థలాన్ని ఆ పేజీ మీదే గుర్తించి, నంబరు వేసి, బిల్డర్ సంతకంతో అగ్రిమెంట్‌కు, తర్వాత సేల్ డీడ్‌కు జతచేయించాలి. సేల్ డీడ్ షెడ్యూల్‌లో "కారు పార్కింగ్‌తో సహా" అని కాకుండా "స్టిల్ట్‌లో పార్కింగ్ నంబరు ఫలానా, ఇన్ని చదరపు అడుగులు, ఈ ఫ్లాటుకు ప్రత్యేక వాడకం కోసం" అని ఉండాలి. విడిగా ఇచ్చే అలాట్‌మెంట్ లెటర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అది రిజిస్టరయ్యే పత్రం కాదు, బిల్డర్ అదే నంబరుతో ఇంకొకరికి ఇచ్చినా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దాని జాడ కనిపించదు.

సందర్శకుల పార్కింగ్‌ను కూడా ఇదే పేజీలో చూడాలి. తప్పనిసరి పార్కింగ్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం మేర వచ్చిపోయేవారికి ఉండాలని జీవో 168 చెబుతోంది. ఆ చోటును ఫ్లాటు యజమానికి అమ్మితే అది మొదటి రోజు నుంచే వివాదంలో ఉన్న స్థలం.

అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు కొనే తెలుగువాళ్లకు మరో తేడా తెలియాలి. అక్కడి కొన్ని కాండోల్లో (సొంత ఫ్లాట్లున్న భవనాల్లో) పార్కింగ్‌కు విడి డీడ్ ఉంటుంది, మరికొన్నింట్లో ఉమ్మడి స్థలాన్నే ఒక యూనిట్‌కు పరిమితం చేసి మూల పత్రంలో నమోదు చేస్తారు. ఇక్కడి పద్ధతి రెండోదానికి దగ్గర, కానీ అంత కచ్చితమైన మూల పత్రం చాలా భవనాలకు ఉండదు. జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) ఇచ్చిన బంధువు సంతకం పెట్టేముందు పార్కింగ్ స్కెచ్‌ను వాట్సాప్‌లో తెప్పించుకుని చూడటం వీలైన పనే.

### పాత ఫ్లాటు, సంఘం అధికారం

చేతులు మారిన ఫ్లాట్లలో పార్కింగ్ హక్కు ఎక్కువగా అలవాటు మీద నడుస్తుంటుంది. "పదేళ్లుగా ఇక్కడే పెడుతున్నాం" అన్నది అమ్మేవారి మాట. మొదటి సేల్ డీడ్ నుంచి లింకు డాక్యుమెంట్లు అన్నిటిలో పార్కింగ్ ప్రస్తావన ఎలా ఉందో చూడాలి. నంబరు లేకపోతే ఆ స్థలం ఈ ఫ్లాటుకే చెందుతుందని ఫ్లాటు యజమానుల సంఘం నుంచి లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. కేటాయింపుల తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంటే ఇంకా మంచిది.

ఉమ్మడి ప్రదేశాల నిర్వహణ సంఘానిది. నంబర్లు లేని భవనంలో బైలాల ప్రకారం సర్వసభ్య సమావేశంలో చర్చించి లాటరీ వేసి పంచుకోవడమే న్యాయంగా కనిపించే దారి. మహారాష్ట్ర సొసైటీల నమూనా బైలాల్లో, స్థలాలు తక్కువై అర్హులు ఎక్కువైతే ఏటా లాటరీ వేసే పద్ధతి ఉంది. రిజిస్టర్డ్ డాక్యుమెంటులో నంబరు ఉన్నవారి హక్కును మాత్రం సంఘం తీర్మానంతో తీసేయడం తేలిక కాదు. అందుకే ఆ ఒక్క వాక్యం విలువ కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది.

విద్యుత్ కార్లు ఈ విషయాన్ని ఇంకా ముందుకు తోస్తున్నాయి. పెట్రోలు కారును ఏ ఖాళీలో పెట్టినా నడుస్తుంది. ఇంటి మీటరు నుంచి వైరు లాగి చార్జర్ బిగించాలంటే చోటు స్థిరంగా ఉండాలి. రోజుకో చోట పెట్టుకునే పద్ధతి ఉన్న భవనాల్లో చార్జర్ ఎవరి ఖర్చుతో, ఎవరి గోడ మీద అన్న కొత్త వాదనలు మొదలవుతున్నాయి. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం మేర చార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లో నమూనా భవన బైలాలను సవరించింది. పాత స్టిల్ట్ భవనాలకు ఆ ఏర్పాటు సంఘమే చేసుకోవాలి.

### తగాదా వచ్చాక

ప్లానులో చూపిన పార్కింగ్‌ను బిల్డర్ గదిగానో, దుకాణంగానో మార్చితే రెరా 14వ సెక్షన్ అడ్డొస్తుంది. ఉమ్మడి ప్రదేశాల్లో మార్పులకు మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. బ్రోచర్‌లో చెప్పింది ఇవ్వకపోతే 12వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. తెలంగాణలో రెరాకు ఫారం 'ఎం'లో ఫిర్యాదు చేస్తారు. పార్కింగ్ కోసం వదిలిన స్టిల్ట్‌ను వేరే పనికి వాడుతుంటే మున్సిపల్ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు, తొలగించే అధికారం వాళ్లకుంది.

రెరాలో నమోదు కాని చిన్న భవనంలో కొన్నవారికి ఎక్కువగా మిగిలే దారి వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కు, అది దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ గడువు దాటిపోతుంది కనుక, తాళాలు తీసుకున్న రోజే పార్కింగ్ స్థలం ఫొటో, కొలతలు, పార్కింగ్ ఇవ్వలేదన్న అభ్యంతరం రాతపూర్వకంగా బిల్డర్‌కు పంపి, అందినట్టు రుజువు దగ్గర పెట్టుకోవాలి.